తాతయ్య చిటికెన వేలు

మామిడి కొమ్మ బెరడు చెక్కగానే వచ్చే పచ్చి వాసనకి ఇవాళ్టికీ నా చిటికెన వేలు ముడుచుకుంటుంది.

అంటు అంటే ఊరందరికీ మైల. కడియంలో నర్సరీ ఉన్న మా ఇంట్లో మాత్రం అది అన్నం పెట్టే పని. పిల్లమొక్కని తల్లిచెట్టు కొమ్మకి ఆనించి, టేపు చుట్టి కట్టేస్తే, రెండు నెలల్లో ఆ చెట్టు రుచంతా మొక్కకి వచ్చేసేది. తాతయ్య కట్టిన అంటు ఒక్కటీ ఎండేది కాదు. "ఆయన హస్తవాసి అలాంటిదండి" అనేవారు కొనేవాళ్ళు.

ఆ హస్తవాసి నాకూ కావాలనిపించింది. అప్పుడు నాకు ఏడేళ్ళు. ఓ మధ్యాహ్నం నిద్రపోతున్న తాతయ్య చిటికెన వేలికి నా వేలు ఆనించి, టేపు గట్టిగా చుట్టేసి, రెండు నెలలు కదలకుండా కూర్చోవడానికి సిద్ధపడ్డాను.

పావుగంటకే ఆయనకి మెలకువ వచ్చింది.

"ఏంటే ఇది?"

"అంటు తాతయ్యా. నీ హస్తవాసి నాకు రావాలిగా!"

ఆయన నవ్వలేదు. కట్టుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కట్టు బాగానే కుదిరింది. రెండిటికీ బెరడు చెక్కడం మర్చిపోయావే! ఆ చాకు ఇలా తే."

నేను పరుగు లంకించుకున్నాను. వేలు కట్టేసి ఉండటంతో తాతయ్య కూడా పరిగెత్తాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ నర్సరీ నేనే చూసుకుంటున్నాను. "మీ హస్తవాసి మంచిదండి" అంటుంటారు కొనేవాళ్ళు.

చెక్కకుండానే పట్టిందన్నమాట.