వణుకు కొలిచే గోరు

మార్కాపురం దగ్గరి బడికి దాత తెచ్చిన కొత్త టెలిస్కోపును సైన్సు టీచరమ్మ అందరి ముందే వెనక్కి ఇచ్చేశారు. వార్త కోసం వెళ్లిన నేను చూస్తూనే ఉన్నాను.

పదో తరగతి పిల్లలు బడి వదిలేలోగా వాళ్లకు శనిగ్రహం వలయాలు చూపించాలని ఆమె పట్టుదల. అయినా ఏ పరికరం వచ్చినా ముందు గోటితో తట్టి చూడటం ఆమె అలవాటు. ఆ రోజు టెలిస్కోపును దూరపు సెల్‌టవర్ వైపు తిప్పి, స్టాండు కాలిని తట్టి, లోపలికి చూస్తూ అంకెలు లెక్కపెట్టారు. ఎనిమిది దాటినా బొమ్మ వణుకు ఆగి కుదురుకోలేదు.

“ఆరువందల రెట్లు పెద్దగా చూపిస్తాదంట మేడమ్!” అన్నాడు దాత. అతను ఆమె పాత విద్యార్థే.

“చూపిస్తాది నాయనా. వణుకును గూడ అన్ని రెట్లు చూపిస్తాది. పిల్లోళ్లు ‘ఇంతేనా’ అని పోతారు. చిన్నదైనా గట్టి కాళ్లది తీసకరా.”

“మీరు మారలేదు మేడమ్. నా నోటుబుక్కుకూ ఇట్లనే వంకలు పెట్టినారు,” అంటూ అతను పెట్టెను కారెక్కించాడు. హెడ్‌మాస్టరు తల పట్టుకున్నారు.

ఆ వారమే ఆమె పలకల గనిలో మిగిలిన రాతి దిమ్మెను తెప్పించి, టెలిస్కోపు నిలపడానికి బడి ఆవరణలో పాతించారు. దాన్నీ తట్టి చూశారు.

ఆ పదో తరగతి పిల్లలు బడి దాటి వెళ్లిపోయారు. దిమ్మె మీదికి టెలిస్కోపు ఇంకా రాలేదు.