కెమెరాకు పెట్టిన బొట్టు

తిరుచానూరులోని ఒక లాడ్జిలో అక్కమ్మ పదకొండేళ్లు గదులు ఊడ్చింది. రోజూ సాయంత్రం ఐదింటికి ఇంటికి పోయే ముందు రిసెప్షన్ దగ్గర నిలబడి సంచి తిరగేసి దులిపేది, కొంగు విదిలించి చూపించేది. ఈ తనిఖీ ఊడ్చేవాళ్లకే. కుర్చీలో కూర్చునేవాళ్లకు లేదు. ఇదేమిటని ఆమె ఒక్కరోజూ అడగలేదు.

రెండేళ్ల కిందట కెమెరాలు వచ్చినప్పుడు అందరికన్నా సంతోషపడింది ఆమే.

"ఇంగ సంచి దులిపే పని లేదు గదప్పా, అదే సూసుకుంటాది" అంది, వాటిని బిగిస్తున్న యోగానందతో.

"అది నిన్ను సూస్తాది అక్కా. నువ్వు మాత్రం దాంట్లో సూడలేవు" అని నవ్వాడతను.

తనిఖీ ఆగలేదు. మేనేజరు ప్రేమానందం చోటు మార్చాడంతే. అప్పట్నుంచి కెమెరా కింద నిలబడి దులపాలి.

మొన్నటి ఆయుధపూజ నాడు ఆయనే చెప్పాడు: "ఒక్క మిషనూ వదలద్దు మే. మోటారుకు, లిఫ్టుకు, కెమెరాలకు, అన్నిటికీ బొట్టు పెట్టు."

అక్కమ్మ స్టూలెక్కింది. రిసెప్షన్‌లోది పొడుగు కెమెరా, బొట్టు దాని నెత్తిన పడింది. రెండో అంతస్తు వరండాలోది బోర్లించిన గాజు గిన్నెలా ఉంటుంది. దానికి నుదురేదో తెలియలేదు. నడిమధ్యన గంధం పూసి, కుంకుమ అద్ది, దండం పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ నడుమ, ఆ అంతస్తులో దిగిన యాత్రికురాలి గొలుసు పోయింది. వరండా కెమెరా రికార్డింగు పెట్టి చూస్తే, తెర మీద ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు.

"మీరే గదా సార్ పెట్టమన్నారు?"

"పెట్టమంటే దాని కంట్లో పెడతావా? ఎంత తెలివి మే నీది!"

కెమెరాను కావాలనే మూసి గొలుసు తీసిందని, ఆ పూటే పనిలోంచి తీసేశారు.

నిజానికి ఆ మూడు గంటలూ ఆమె రిసెప్షన్‌లో నిలబడి వచ్చేపోయేవాళ్లకు గుగ్గిళ్లు పంచింది. అక్కడి కెమెరా అంతా చూసింది. యోగానందను అడిగితే ఉన్నమాట చెప్పాడు.

"రికార్డింగు పది రోజులే ఉంటాది అక్కా. తర్వాత కొత్తది పాతదాని మీద పడతాది. ఆ లోపల తీసి పెట్టమను. పాస్‌వర్డు ఓనరు కాడ ఉండాది, నా చేతుల్లో ఏం లేదు."

రోజూ పోయింది. ఓనరు ఊర్లో లేడన్నారు. స్టేషన్‌కు పోతే, "గొలుసు పోయినోళ్లు ఫిర్యాదే ఇయ్యకుండా పోయినారు. కేసే లేదు, ఏం సూడమంటావు?" అన్నారు. కేసు లేదు, దొంగ మాత్రం ఉంది.

పదో నాడు సాయంత్రం కూడా ప్రేమానందం "రేపు రా" అన్నాడు.

"రేపు దాంట్లో నేనుండను సార్" అంది అక్కమ్మ.

ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ రికార్డింగు చెరిగిపోయింది. ఒక్క ఫొటో మాత్రం మిగిలింది. పాత తనిఖీలో అక్కమ్మ వంగి సంచి దులుపుతుంటే కెమెరాలోంచి ముందే తీసిపెట్టుకున్న ఫొటో. "ఈమెను పనిలో పెట్టుకోవద్దు" అని కింద రాసి, లాడ్జి మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పని కోసం ఆమె ఏ గడప తొక్కినా, ఆమెకన్నా ముందే ఆ ఫొటో అక్కడికి చేరి ఉంటోంది.

రేపు అలాంటి ఫొటో మీ ఫోనుకూ వస్తుంది. దయచేసి ఇంకొకరికి పంపకండి. పంపినవాళ్లను అడగండి, ఆనాటి రికార్డింగు ఎక్కడుందో, నింద పడ్డ మనిషికి చూపించారో లేదో. మీరు దిగిన లాడ్జిలో ఏదైనా వస్తువు పోతే, గది ఖాళీ చేసే ముందు ఆ రికార్డింగు తీసి పెట్టమని రాసిచ్చి పోండి. పది రోజుల లోపల అడగండి.