నాన్న ముక్కుకి నేను కట్టిన తలగడ

ఆ రోజుల్లో మా వైపు ముక్కూ నోరూ మూసుకుని వీధిలో తిరిగేవాళ్ళు రెండు రకాలే. ఒకరు రైసు మిల్లులో పనిచేసేవాళ్ళు, రెండోవారు పన్ను పీకించుకుని వచ్చేవాళ్ళు. మూడో రకం మనిషెవరైనా మొహానికి గుడ్డ కట్టుకుని కనబడితే అరుగుల కింద పడుకున్న కుక్కలు లేచి నిలబడేవి. ఇప్పుడు చూడండి, నా హ్యాండుబ్యాగులో దువ్వెన లేకపోయినా మాస్కు ఉంటోంది. కూరలకి వెళ్ళేటప్పుడు ఏది పెట్టుకోవాలి, బస్సెక్కితే ఏది మంచిది అని పిల్లలు ఫోనులో వెతికి నాకు పాఠాలు చెబుతున్నారు. వింటూ ఊరుకుంటాను గానీ, ఆ విద్యలో నేను ఎప్పుడో చేయి తిరిగినదాన్ని. తొంభైల చివర్లో, డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఒక వేసవిలో, ఒక మనిషికి ఊపిరాడకుండా చేసి మరీ నేర్చుకున్నాను. ఆ మనిషి మా నాన్న.

మా ఊరు భీమవరానికి దగ్గర్లోనే. ఆ ఏళ్ళలో చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటిగా చేపల చెరువులైపోతున్నాయి. వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేయగానే తవ్వకాలు మొదలయ్యేవి, మట్టి నింపుకున్న ట్రాక్టర్లు తెల్లవారింది మొదలు మా వీధి మీదుగానే పోయేవి. ఇక దుమ్ము సంగతి చెప్పాలా! నాకు మాత్రం ఆ దుమ్ము ఎంతో అందంగా కనిపించేది. పొద్దున్నే డాబా మెట్ల మీద వారపత్రిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ట్రాక్టరు వెళ్ళిపోయాక కూడా ఆ దుమ్ము కిందికి దిగకుండా ఎండలో చాలాసేపు అలాగే నిలబడి ఉండేది. కొబ్బరాకుల సందుల్లోంచి వెలుగు అందులో చారలు చారలుగా పడేది. ఆ చారల్లోంచి సైకిళ్ళూ, పాలక్యాన్లూ, బాతుల మందా అన్నీ నిద్రలో నడుస్తున్నట్టు నెమ్మదిగా వచ్చి, నెమ్మదిగా పోయేవి. ఆ బంగారు వెలుగులోంచే మా నాన్న కూడా సైకిలు తొక్కుకుంటూ, దగ్గుకుంటూ వచ్చేవారు. (ఆ వెలుగు కనబడినంత బాగా నాకు ఆ దగ్గు వినబడేది కాదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.)

నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇరవై ఏళ్ళుగా పీల్చిన సుద్దపొడికి ఈ చెరువుల మట్టి తోడై, ఆ వేసవిలో ఆయనకి ఉబ్బసం పట్టుకుంది. భీమవరం డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, "మాస్టారూ, దుమ్ములోకి వెళ్ళొద్దండి. వెళ్ళి తీరాలంటే ముక్కుకి సరైనది ఏదైనా కట్టుకోండి" అన్నారు. అమ్మకి ఆ మాటలో మొదటి సగం చాలు. "వానలు పడేదాకా మీరు గుమ్మం దిగక్కర్లేదు. బజారు పనులు నేను చూసుకుంటాను" అంది. నాన్న సంచీ మడిచి గూట్లో పెట్టేశారు. ఆయనకి బజారంటే కూరలూ చేపలూ మాత్రమే కాదు. సంచీ సైకిలు హ్యాండిలుకి తగిలించి బయల్దేరితే, అరగంటలో అయిపోయే పనికి రెండు గంటలు పట్టేది. దారిలో ఇరవై మంది "ఏమండోయ్ మాస్టారూ" అనేవారు, ఆ ఇరవై మందికీ ఆయన సైకిలు దిగి జవాబు చెప్పేవారు. సెలవుల్లో ఆయనకి ఉన్న సరదా అదొక్కటే. ఆ సాయంత్రం ఎక్కడికీ వెళ్ళేది లేని సైకిలు ముందు కూర్చుని ఆయన గొలుసుకి నూనె వేస్తుంటే చూడలేకపోయాను. "ఆదివారానికల్లా మంచి మాస్కు నేను తయారుచేస్తానమ్మా, అప్పుడు నాన్నని పంపిస్తావా?" అన్నాను. అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆదివారం దాకా చూస్తాను. తర్వాత నా మాటే" అంది.

నేను బీయస్సీ. కాబట్టి పని శాస్త్రీయంగా మొదలుపెట్టాను. లోకంలో దొరికే మాస్కులన్నీ (అంటే మా ఊళ్ళో దొరికేవి నాలుగు) తెచ్చి నులకమంచం మీద పరిచాను. నాన్న చేతిరుమాలు, నా పాత ఓణీ ముక్క, మందుల షాపులో తెచ్చిన పల్చటి నీలం మాస్కు, ఆస్పత్రిలో పనిచేసే పక్కింటావిడ ఇచ్చిన ఆకుపచ్చ గుడ్డ మాస్కు. వీటిలో ఏది మంచిదో తేల్చడానికి నేను కనిపెట్టిన సూత్రం ఒక్కటే: వాసన లోపలికి వస్తోందంటే దుమ్ము కూడా వస్తున్నట్టే. నాన్నని పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఒక్కొక్క మాస్కూ కట్టి, ముక్కు ముందు ఇంగువ డబ్బా ఒకసారి, మెత్తళ్ళనే చిన్న ఎండుచేపల పొట్లం ఒకసారి ఆడించేదాన్ని.

"ఏం వాసనండీ నాన్నగారూ?"

"మెత్తళ్ళు. ఉప్పు కాస్త తక్కువైంది. వంకాయతో వేస్తే బాగుంటాయని మీ అమ్మతో చెప్పు."

నాలుగు మాస్కులూ తప్పాయి. ఆయన ముక్కు అలాంటిది మరి. చేప మొప్ప ఎత్తి ఒక్కసారి వాసన చూసి, అది ఏ పూట నీళ్ళలోంచి బయటికొచ్చిందో చెప్పగల మనిషి. నాకు పౌరుషం వచ్చింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకాన్ని కదా, సూత్రం తప్పేమోనన్న అనుమానం కూడా రాలేదు. శనివారమంతా కుట్టుమిషను ముందు కూర్చుని, తువ్వాలు నాలుగు మడతలు వేసి, మధ్యలో దూది పరిచి, దూదిలో కర్పూరం పొడీ, నీలగిరి తైలమూ పోసి ఒకటి కుట్టాను. అది కట్టి మెత్తళ్ళు చూపిస్తే నాన్న చాలాసేపు ఆలోచించి, "ఏమీ తెలియట్లేదమ్మా" అన్నారు. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. నాకు ఎంత గర్వమో! ఆ రాత్రి నిద్ర పట్టేదాకా, ఊళ్ళో వాళ్ళందరూ నేను కుట్టిన మాస్కులు కట్టుకుని ఆ వెలుగు చారల్లోంచి బారుగా నడిచిపోతున్నట్టు ఊహించుకుంటూ పడుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఏడింటికి నాన్న బయల్దేరారు. తర్వాత జరిగింది, ఆయన అసలేమీ జరగనట్టు చెప్పిన ముక్కల్లోంచీ, ఊరంతా కలిసి నాకు చెప్పినదాంట్లోంచీ కూర్చుకున్నాను. మొదటి మలుపులోనే కిళ్ళీకొట్టాయన, "ఏంటండీ మాస్టారూ, పన్నేమన్నా పీకించారా?" అన్నాడట. ఎదుటి మనిషి పలకరిస్తే మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడటం మా వైపు మర్యాద కాదు. నాన్న సైకిలు దిగి, మాస్కు గడ్డం కిందికి లాగి, "ఆయ్, అబ్బే లేదండీ, దుమ్ము పడట్లేదని మా అమ్మాయి కుట్టిందండీ" అన్నారు. ఆయన అలా చెబుతుండగానే పక్కనుంచి రెండు ట్రాక్టర్లు వెళ్ళాయి. మళ్ళీ మాస్కు పైకి లాగి సైకిలెక్కితే పది గజాల్లో ఇంకొకరు. అలా ఇరవై మంది, ఇరవై సార్లు. మాట్లాడనంతసేపూ ఆ దూది మడతల లోపల ఊపిరాడక, మాట్లాడినంతసేపూ దుమ్ము తింటూ బజారు చేరారు. చేపల దగ్గర ఇక పూర్తిగా తీసి మెడలో వేసుకున్నారు, వాసన చూడకుండా చేపని కొనడం ఆయన వల్ల కాదు కనుక.

తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చి సైకిలు స్టాండు కూడా వేయలేదు, గోడకి ఆనించి అరుగు మీద కూలబడ్డారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంటే ఛాతీలోంచి పిల్లికూతలు వీధిలోకి వినబడ్డాయి. అమ్మ వీపు రాస్తూ, మాత్ర వేసి, వేడినీళ్ళు తాగిస్తూ ఉంది. ఆయన మెడలోంచి నా మాస్కు విప్పి నా చేతిలో పెట్టింది. నాకు భయమేసింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, ఆ మందు వేసింది నేనే. గంట తర్వాత ఊపిరి కుదుటపడ్డాక నాన్న నా వైపు చూసి, "కర్పూరం వాసన మాత్రం బాగుందమ్మా" అన్నారు. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అప్పుడే మా గేదెకి తవుడు తెచ్చింది తవుడత్త. మిల్లులో పనిచేస్తూ సాయంత్రాలూ ఆదివారాలూ ఇంటింటికీ తవుడు వేసే మనిషి. అసలు పేరు మాకెవరికీ తెలీదు. దండెం మీద వేలాడుతున్న నా సృష్టిని చూసి, గంప దించకుండానే నవ్వేసింది. "ఇదేంటి పాపగారూ, మాస్టారి ముక్కుకి తలగడ కట్టేరేంటి?" అంది. ఏడుస్తూనే నా సూత్రం వివరించాను. ఆమె గంప దించి, నిదానంగా విని, "వాసన కూడా రాకుండా మూసేత్తే ఊపిరెలా వత్తదండీ? ఆపాల్సింది దుమ్మునండి, వాసన్ని కాదు" అంది. తర్వాత అరుగు దగ్గరికి వెళ్ళి, నాన్న మొహాన్ని దూరం నుంచే పరీక్షగా చూసి, "రండి, సూడండి" అని నన్ను పిలిచింది. నాన్న ముక్కుకి రెండు పక్కలా, కళ్ళ కింద నుంచి పెదాల దాకా, మట్టి రెండు గీతలు గీసి ఉంది. "అదిగోండి, అక్కడ సందుంది. ఆ సందులోంచే దూరింది. మిల్లు దిగేక మేం ఒకళ్ళ మొకం ఒకళ్ళం సూసుకుంటామండి. గీత పడిందంటే ఆ గుడ్డ దండగే. గుడ్డ ఎంత మందం అని కాదండీ, అంచు ఎంత అంటుకుంది అని సూడాలి."

మర్నాడు ఆమె మిల్లు యజమాని పనివాళ్ళకిచ్చిన తెల్లటి గిన్నెలాంటి మాస్కులు రెండు తెచ్చింది. ముక్కు మీద సన్నటి రేకు ఉంది, వేళ్ళతో నొక్కితే ముక్కు ఆకారానికి ఒదిగిపోతుంది. (ఆమె వాడకుండా దాచినవి. అది పెట్టుకుంటే తమలపాకు నమలడం కుదరదట.) నాన్న అది పెట్టుకుని వీధి చివరిదాకా ఒక ట్రాక్టరు వెనకాలే నడిచి వచ్చారు. విప్పాక అద్దం అక్కర్లేకపోయింది. కళ్ళ చుట్టూ, నుదుటి మీదా మట్టి, ముక్కూ నోరూ ఉన్నంత మేర మాత్రం శుభ్రంగా ఉంది. అమ్మ కూడా దగ్గరికొచ్చి కొంగుతో తుడిచి మరీ చూసింది. "సరే. కానీ పలకరించినవాళ్ళందరి దగ్గరా మళ్ళీ కిందికి లాగుతారుగా" అంది. నాన్న అబద్ధం చెప్పలేదు, తల వంచుకున్నారు. పలకరిస్తే పలక్కుండా పోవడం కంటే ఇంట్లో కూర్చోవడమే నయం అనుకునే మనిషి ఆయన.

అప్పుడు నేనే అన్నాను, "నేను కూడా వెళతాను. ఆయన బదులు నేను మాట్లాడతాను" అని. అనేదాకా నాకూ తెలీదు అలా అనబోతున్నానని. పుస్తకంలోంచి తలెత్తని పిల్లని, వీధిలో ఎవరైనా పలకరిస్తే చెప్పుల వైపు చూసేదాన్ని. అలాంటిదాన్ని మర్నాటి నుంచీ ముక్కుకి ఓణీ చుట్టుకుని, నా లేడీస్ సైకిలు మీద నాన్న పక్కనే బయల్దేరాను. ఎవరైనా "ఏమండోయ్ మాస్టారూ" అనగానే ఇద్దరం దిగేవాళ్ళం. నాన్న చేతులు జోడించేవారు, నేను "బాగున్నారండీ, దుమ్ము పడక మాస్కు పెట్టారండీ, ఆయ్, అమ్మ కూడా బాగుందండీ" అనేదాన్ని. మొదటి రోజు చెప్పుల వైపు చూస్తూనే అన్నాను. వారం తిరిగేసరికి కిళ్ళీకొట్టాయన మనవరాలి జ్వరం గురించి నేనే ఎదురు అడుగుతున్నాను. చేపల దగ్గర మొప్ప ఎత్తి వాసన చూడటం కూడా నా వంతుకే వచ్చింది. నేను చూసి తలూపితే నాన్న కళ్ళు చిట్లించి, ఇంకోసారి చూడు అన్నట్టు వేలు తిప్పేవారు. ఆ వేసవిలో ఆయనకి మళ్ళీ పిల్లికూతలు రాలేదు. ఆ పొద్దుటి దారులు ఇప్పటికీ నాకు కలలోలాగే గుర్తున్నాయి. పక్కపక్కన రెండు సైకిళ్ళు, మాట లేని నాన్న, ఆయన మాటలన్నీ మాట్లాడుతున్న నేను.

తొలకరి పడింది. దుమ్ము అణిగింది, ట్రాక్టర్లు ఆగిపోయాయి. నాన్న మాస్కు మేకుకి తగిలించి సైకిలు బయటికి తీశారు. నా పని అయిపోయింది కదాని మెట్ల మీద కూర్చోబోతుంటే, గేటు దగ్గర ఆగి, "రావేంటి?" అన్నారు. వెళ్ళాను. బజారులో చేపలమ్మే పెద్దమ్మ, మొహం నిండా నవ్వుతో నాన్న ఎదురుగా నిలబడి ఉండగానే, అలవాటుగా నా వైపు తిరిగి, "మాస్టారికి ఎలాగుందమ్మా?" అంది. నాన్న జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచినవారు మళ్ళీ మూసుకుని, చెప్పు అన్నట్టు నా వైపు చూశారు.

ఇప్పుడు నేనుంటున్న రాజమండ్రిలో మాస్కు పెట్టుకుని కూరలకి వెళితే, ఎవరో ఒకరు "బాగున్నారా అండీ" అంటారు. నా చెయ్యి దానంతటదే మాస్కు కిందికి లాగడానికి లేస్తుంది. ముక్కు దాకా వెళ్ళి ఆగిపోతుంది. ఒక్క క్షణం పక్కకి చూస్తాను, నా బదులు ఎవరైనా చెబుతారేమోనని. ఆ తర్వాత నాలో నేనే నవ్వుకుని, మాస్కులోంచే కాస్త గట్టిగా అంటాను, "ఆయ్, బాగున్నామండీ."