కాబోయే వియ్యంకుణ్ణి మింగిన సోఫా

తుపానులు మా విజయనగరానికి కొత్త కాదు. కానీ ఒక ఆదివారం మా ముందుగదిలో జరిగిన విధ్వంసానికి ఏ తుపానూ కారణం కాదు, అచ్చంగా నేనే.

అప్పుడు నాకు చదువెక్కువ, బుర్ర తక్కువ. చెల్లెలు రమణిని పెళ్లిచూపులు చూడడానికి గజపతినగరం నుంచి పెళ్లివారు వస్తున్నారు. వాళ్లకు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తామా అని, శృంగవరపుకోటలో ఎవరో పాత బంగళా ఖాళీ చేస్తుంటే అక్కడి సోఫాని ఆటోలో వేయించుకొచ్చాను. తాతల నాటి దొరల ఫ్యాషను. పుల్లల్లాంటి టేకు కాళ్లు, ఆవపిండి రంగు గుడ్డ. అన్నీ విడి ముక్కలే. పక్కపక్కన చేరిస్తే ఒకటే పొడుగు సోఫా.

"ఏటిరా ఇది, ముక్కలు ముక్కలుగా ఉన్నాది?" అంది అమ్మ.

"మాడ్యులర్ అమ్మా."

"మాడా? ఎవుడి మాడు పగలగొడతాదిరా?"

ముక్కల్ని కలిపి పట్టే ఇనుప కొక్కేలు అడుగున ఉన్నాయి. కొత్త టైల్స్ గీసుకుపోతాయని వాటిని నేనే పీకి పారేశాను. ఆ పైన రమణి నేలని అద్దంలా తుడిచింది.

పెళ్లికొడుకు తండ్రి భారీ మనిషి. సరిగ్గా రెండు ముక్కల మధ్య కూర్చున్నారు. కాఫీ గ్లాసు అందుకుని వెనక్కి వాలారో లేదో, ఆ రెండూ అలిగిన తోడికోడళ్లలా చెరో పక్కకి జరిగిపోయాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దన్నారు పెద్దలు. మిగతా శరీరం గురించి ఏమీ చెప్పలేదు. పైకి మోకాళ్లు, మీసాలు, గ్లాసు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నాన్నా, లెగండి," అన్నాడు పెళ్లికొడుకు.

"ఎలా లెగమంటావురా? సగం కిందనే ఉన్నాను."

నేను పరుగెత్తి, కంగారులో ముక్కని లాగడానికి బదులు తోశాను.

"బాబూ, నన్ను తీస్తన్నావా, బిగిస్తన్నావా?" అని ఆయన నిదానంగా అడిగారు.

అదే సమయానికి, తలవంచుకుని రావలసిన రమణి మిఠాయి పళ్లెంతో వచ్చి, చూసి, పకపకా నవ్వేసింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. సంబంధం గంగలో కలిసిందనుకున్నాను. అంతలో పెళ్లికొడుకూ నవ్వాడు. ఆ వెనకే వాళ్లమ్మ.

అందరం కలిసి ఆయన్ని పైకి లాగాం. పంచె సర్దుకుని, మిగిలిన కాఫీ నిలబడే తాగి, అమ్మతో అన్నారు:

"పిల్ల మాకు నచ్చినాదమ్మా. సారెలో మాత్రం ఆ సోఫా ఎట్టకండి."

పంచభూతాల సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను: ముందు నేను పడి చూడనిదే, ఈ జన్మలో ఏ ఆసనం మీదా వియ్యాలవారిని కూర్చోబెట్టను.