అమ్మ గొంతుకు మూడు కొటేషన్లు

మా బావ ఒక పెద్ద ఆఫీసులో కొనుగోళ్ల సెక్షన్లో పనిచేస్తాడు. అక్కడ మూడు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన పెట్టి చూడనిదే గుండుసూది కూడా కొనరు. ఆఫీసులో అది మంచిదే, ఎవరు కాదన్నారు? ఆయన ఆ పద్ధతిని ఇంటికీ మోసుకొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో దోమలు మా అక్కని పీక్కుతింటుంటే, దోమతెర మంచిదా, బిళ్ళ మంచిదా, బ్యాట్ మంచిదా అని ఈయన తేల్చేసరికి దోమల కాలమే వెళ్ళిపోయింది. "చూశావా, అసలు కొనాల్సిన అవసరమే రాలేదు!" అన్నాడట మహానుభావుడు.

దోమలంటే సరే. ఈసారి ఆయన చేతిలో పడింది మా అమ్మ గొంతు.

అమ్మ ఒకప్పుడు రేడియోలో పిల్లలకు కథలు చెప్పేది. తర్వాత గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గాని స్వరం పోయింది. ఇప్పుడు మాట్లాడితే మాటకన్నా గాలే ఎక్కువ వస్తుంది. ఆ పాత గొంతు మా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. అలాంటిది, అమ్మతో పనిచేసిన సౌండు ఇంజనీరు గారికి ఎక్కడో ఒక టేపు దొరికింది. కంప్యూటర్లోకి ఎక్కిస్తుండగానే టేపు పొడిపొడిగా రాలిపోయిందట. ఫైలును నెట్లో పెట్టి లింకు పంపిన మర్నాడే ఆయన కంప్యూటరూ కన్నుమూసింది. "మూడుసార్లే దిగుతుంది, ఆ తర్వాత దానంతటదే చెరిగిపోతుంది, జాగ్రత్త" అని మెసేజీలో రాశారు కూడా.

అమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, ఎవరో చుట్టం వస్తున్నట్టు, కంప్యూటరు పక్కన కుర్చీలో కూర్చుంది.

"తొందరపడకండి అత్తయ్యా, పద్ధతిగా చేద్దాం," అన్నాడు బావ. "బ్రౌజర్లో నేరుగా దింపితే సులువే, కానీ మధ్యలో నెట్ పోతే మళ్ళీ మొదటికొస్తుంది. డౌన్‌లోడ్ మేనేజర్ అని ఇంకోటుంది, ఫైలును ముక్కలు చేసి అన్నీ ఒకేసారి లాగుతుంది, స్పీడెక్కువ. ఫోన్లో దింపితే వైఫై గొడవే ఉండదు, కానీ డేటా అయిపోతుంది. టొరెంటని మరొకటి ఉంది, దానికైతే ఆ ఫైలు ఇంకా పదిమంది దగ్గర ఉండాలి."

"మా అమ్మ గొంతు పదిమంది దగ్గరుంటే మనకీ తిప్పలెందుకు బావా? ముందు ఏదో ఒకటి నొక్కండి!" అన్నాను. నాకప్పటికే ఒళ్ళు మండిపోతోంది.

నొక్కాడు. సగం దిగింది. వెళ్ళి వైఫై ఆపేశాడు!

"అయ్యో, అదేంటండీ?" అంది అక్క.

"టెస్టింగ్. నెట్ పోతే తట్టుకుంటుందా లేదా చూడొద్దూ?"

బ్రౌజరు తట్టుకోలేదు. మేనేజర్‌ని పెట్టి, దాన్నీ సగంలో ఆపాడు, మళ్ళీ అందుకుంటుందని సంబరపడి, ఆ ముక్కల్ని చెరిపేశాడు. ఫోన్లోనూ అదే తంతు.

"మూడుసార్లే అన్నారు కదా బావా!"

"పూర్తిగా దిగితేనే అమ్మాయ్ లెక్క. శాంపిలు చూస్తే కొన్నట్టా?"

చివరికి మేనేజరే నెగ్గిందని ప్రకటించి, చేతులు దులుపుకుని, అసలు డౌన్‌లోడ్ నొక్కాడు. ఈ లింకు గడువు ముగిసింది అని తెర మీద వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అక్క తల పట్టుకుంది. నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్నే, కానీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

చేసేదేం లేక కంప్యూటరంతా వెతికాను. బ్రౌజరు దింపి వదిలేసిన సగం ముక్క ఒక మూల పడుంది. ఆడియో ఫైలులా తెరుచుకునేలా దాని పేరు మార్చి నొక్కాను.

గది నిండా అమ్మ! మా చిన్నప్పటి అమ్మ. మంచులో దారి తప్పిన దూడ కథ చెబుతోంది. దూడ ఏడుస్తోంది, ఎక్కడినుంచో తల్లి ఆవు పిలుస్తోంది. "భయపడకు కన్నా, నేను..."

అంతే. ఆగిపోయింది. ఎవరమూ ఎవరి మొహాలూ చూసుకోలేకపోయాం.

"ఇక్కడే ఉన్నాను," అంది అమ్మ, ఆ గరగర గొంతుతోనే. తర్వాత కుర్చీలో కాస్త సర్దుకుని, దూడకి ఆవు ఎలా కనబడిందో చెప్పడం మొదలుపెట్టింది. ప్రతి మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పింది.

బావ గబుక్కున ఫోను తీసి రికార్డింగు నొక్కి, అమ్మ ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఏ యాప్ మంచిదని ఎవర్నీ అడగలేదు.