క్రేన్ సైగలు నేర్పిన ఊపిరి

కాలేజీ చర్చాపోటీల్లో నా నియమం ఒక్కటే: రుజువు లేనిదేదీ ఒప్పుకోకూడదు. డెబ్బైల చివర, డిగ్రీ చదువుతూ, యోగాభ్యాసం శాస్త్రం కాదని వాదించి కప్పు గెలిచాను. ఆ కప్పు ఇంటికి తెచ్చిన నెలకే, హార్బరులో క్రేన్ డ్రైవరైన మా నాన్న క్రేన్ ఎక్కలేకపోయారు.

ఒకరోజు ఆయన ఎత్తిన బరువు తాడు తెగి గట్టు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అయినా ఆనాటి నుంచి క్రేన్ నిచ్చెన మూడో మెట్టు దగ్గరే ఆయనకు గుండెదడ, చెమట. గుండెలో లోపమేమీ లేదని, శ్వాసాభ్యాసం చేయమని డాక్టరు చెప్పారు. నెలలోగా ఎక్కకపోతే గోడౌనుకు మారుస్తామన్నారు అధికారులు. పాతికేళ్లు సముద్రాన్ని పైనుంచి చూసిన మనిషికి అది తల దించుకోవడమే.

ప్రత్యర్థి పుస్తకాన్నీ చదవాలన్నది వాదనలో నీతి. లైబ్రరీ నుంచి ప్రాణాయామం పుస్తకం తెచ్చి, వన్ టౌన్‌లో హార్బరు కనిపించే మా మేడ మీద రోజూ పొద్దున్నే చదివి వినిపించాను. కళ్లు మూసుకోగానే నాన్నకు తెగిన తాడే కనిపించేది.

"ఏటే గుంటా, ఊపిరి పీల్సడానికీ ఉపన్యాసమేటి?" అని కూతుర్ని విసుక్కునేవారు.

ఒక ఉదయం ఆయన స్నేహితుడు మేడెక్కి వచ్చారు. ఓడ మీద నిలబడి క్రేన్‌కు చేతి సైగలివ్వడం ఆయన పని. నా చదువు విని నవ్వారు.

"మీ అయ్య ఏనాడైనా మాటిని పన్సేసినాడేటమ్మా? ఆ మోతలో మాటెవుడికినబడతాది? బావా, కళ్లు ముయ్యకు. నా సెయ్యి సూడు."

అరచెయ్యి పైకి లేపారు. బరువెత్తమనే సైగ అది. నాన్న ఛాతీ నిండింది. ఆపమన్నట్టు స్నేహితుడు పిడికిలి బిగించారు, నాన్న ఊపిరి నిలిచింది. బరువు దించమన్నట్టు అరచెయ్యి కిందికి దించారు.

"మెల్లగా బావా, లోపల గాజు సామానుంది!"

నాన్న నవ్వుతూనే ఊపిరి దించారు. ఎన్నాళ్లకో ఆ నవ్వు.

రోజూ అదే సాధన. నేను గడియారం పట్టుకుని నాడి చూసి రాసుకున్నాను. అంకెలు దిగుతూ వచ్చాయి. నిచ్చెన ఎక్కేటప్పుడు స్నేహితుడి చెయ్యి కంటికి కనిపించదు. అందుకని ఆ సైగను మనసులోనే చూడడం నాన్న అలవాటు చేసుకున్నారు. పుస్తకం ధ్యానమన్నది దాన్నే కాబోలు.

"మీ అయ్యెక్కితే క్రేన్ కొమ్ము మీ మేడ వేపు తిప్పుతాడు, సూస్కో," అన్నారు స్నేహితుడు, గడువు చివరి రోజు.

మేడ మీద నిలబడ్డాను. పెంకుటిళ్లకు అవతల, ముందుకు చాచిన ఆ పొడవాటి ఇనుప కొమ్ము కదలలేదు. ఊపిరి బిగబట్టానని తెలిసి, నా అరచెయ్యి నేనే కిందికి దించుకున్నాను.

అప్పుడు కొమ్ము కదిలింది. మెల్లగా తిరిగి తిరిగి, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా నిలిచింది.

ఒక్కరి అనుభవం సిద్ధాంతం కాదని ఇప్పటికీ వాదిస్తాను. ఆ ఉదయం మాత్రం, అంత దూరానికి కనిపించదని తెలిసీ, అరచెయ్యి ఆకాశానికెత్తి "ఎత్తు నాన్నా!" అని వీధంతా వినబడేలా అరిచాను.

బరువు లేచింది.