పారబోశానని చెప్పిన రక్తం

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మార్కాపురంలో ఒక పరిశోధన ప్రాజెక్టులో పనిచేసేదాన్ని. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే జ్వరం మీద పరిశోధన. పుల్లలచెరువు వైపు ఊళ్లకు వెళ్లి, గొర్రెలు మేపుకునేవాళ్లకు అంగీకార పత్రం చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని, రక్తం తీసుకురావాలి. ఈ రక్తాన్ని ఒప్పందం మీద వేరే సంస్థలకు పంపవచ్చు, మీరు వద్దంటే ఎప్పుడైనా పారవేయిస్తాం అని ఆ పత్రంలో ఒక పేరా ఉండేది. అది వినగానే రెండు ఊళ్లలో జనం లేచి వెళ్లిపోయారు. మూడో ఊరి నుంచి ఆ పేరా చదవడం మానేశాను.

ఆ మూడో ఊళ్లోనే వెంగమ్మ, ఆమె భర్త రక్తం ఇచ్చారు.

"ఇది యాడికీ పోదు గదా పాపా?" అని ఆయన అడిగాడు.

"పోదు పెద్దనాయనా, మా కాడనే ఉంటది."

నెల తిరక్కుండా ఆ ట్యూబులను ఐసుపెట్టెలో సర్ది హైదరాబాదులోని ఒక సంస్థకు పంపింది నేనే.

మరుసటి ఏడు వెంగమ్మ ఒక్కతే బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. భర్త పోయాడట.

"మనిషిని మట్టిలో పెట్టినాము. ఆయన రక్తం ఇంకా మీ కాడ ఎందుకమ్మా? పారబొయ్యి."

"సరే పెద్దమ్మా, పారబోస్తా."

"ఇప్పుడే పో. నేనీడ కూసోనుంటా."

లోపలికి వెళ్లి కొళాయి తిప్పాను. నీళ్ల చప్పుడు ఆమెకు వినపడేదాకా నిలబడ్డాను. బయటికొచ్చి, అయిపోయిందన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

ప్రాజెక్టు చూసే మా సారుతో ఆ రోజే ఒక్క మాట చెబితే సరిపోయేది. ఒప్పందం ప్రకారం ఆ సంస్థ దాన్ని పారవేసి తీరాలి. కానీ నేను చదవని పేరా సంగతి బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. ఆ భయమేనా? లేక చదువురాని మనిషి, ఆమెకెలా తెలుస్తుందిలే అన్న ధీమానా? ధీమానే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

పోయిన ఏడు చెప్పేద్దామనే వాళ్ల ఊరు వెళ్లాను. గుర్తుపట్టింది. మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

పెద్దమ్మా, నేను పారబోయలేదు.

ఈ ఒక్క వాక్యం కోసం పొద్దుటి నుంచి కూర్చున్నాను. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా తెలియదు.